గద్వాల: రెండు నదుల నడుమ నీళ్లకు ఎదురుచూసిన గడ్డ

రెండు నదుల మధ్య ఉన్న గద్వాలను కరువు ప్రాంతం అని ఎందుకంటారు, చీరలు తప్ప ఆ ఊరికి చరిత్ర ఏమైనా ఉందా అని అడిగారు. నేనుండేది ఉప్పల్‌లో. మా అత్తగారి ఊరు గద్వాల, పండగలకీ పబ్బాలకీ రాకపోకలు ఉంటూనే ఉంటాయి. నాకు తెలిసింది చెప్తాను.

ముందు నీళ్ల సంగతి. పైన కృష్ణ, కింద తుంగభద్ర, మధ్యలో నడిగడ్డ. మ్యాపులో చూస్తే కోనసీమలా ఉండాలనిపిస్తుంది. కానీ నదులు లోతున పారతాయి, పొలాలు మిట్టన ఉంటాయి. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట కట్టి కాలువ తవ్వారు. లెక్క ప్రకారం మన తెలంగాణ వైపు 87,500 ఎకరాలు పారాలి. ఆనకట్టేమో కర్ణాటకలో, కాలువ మొదలయ్యేదీ అక్కడే. చివరనున్న అలంపూర్ రైతుకు అందేది మిగిలిందే. ఆర్డీఎస్, అంటే ఈ రాజోలిబండ కాలువ పథకం, పేరెత్తితే మా మామయ్య కంచంలో చెయ్యి ఆపేసి మరీ మొదలుపెడతారు! కృష్ణ మీద జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది. ఆ నీటిని పైకి తోడే నెట్టెంపాడు ఎత్తిపోతల పథకం ఆ తర్వాతెప్పుడో వచ్చింది. ఇప్పుడు పత్తి విత్తనాల సాగుకు ఈ జిల్లా పెట్టింది పేరు. విడ్డూరం ఏంటంటే, ఇంత కరువు గడ్డనూ 2009 అక్టోబరులో వరద ముంచేసింది. తుంగభద్ర ఒడ్డున రాజోలిలో నేతన్నల మగ్గాలు నీళ్లపాలయ్యాయి.

చరిత్రంటే సంస్థానమే. జనం సోమనాద్రి అని పిలుచుకునే పెద్ద సోమభూపాలుడు కోట కట్టించాడు. రాతికోట అనుకుని వెళ్తే నిరాశపడతారు, ఇది మట్టికోట. లోపల చెన్నకేశవస్వామి గుడి, ఒక డిగ్రీ కాలేజీ ఉన్నాయి. బురుజులు మాత్రం చాలాచోట్ల కరిగిపోతున్నాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నిజాం కింద సామంతులుగా ఉన్నా ఇక్కడి ప్రభువులు కవిపండితులను బాగా ఆదరించారు, అందుకే విద్వద్గద్వాల అన్న పేరొచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి జోగులాంబ గద్వాల జిల్లా అయ్యింది 2016లో. అదీ ఊరికే రాలేదు, జనం రోడ్డెక్కితే వచ్చింది.

చీర గురించి ఒక్క మాట. నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు. గుంట మగ్గం దగ్గర కూర్చుని చూడండి: అంచులకు వేరే నాడెలు (అడ్డపోగును అటూ ఇటూ నడిపేవి), నడుమకు వేరే నాడె, ప్రతి వరసలోనూ నూలుపోగును పట్టుపోగుతో మెలిపెట్టాలి. అందుకే అవతలి వైపు ఇంకో మనిషి ఉండాలి. తిరుమల బ్రహ్మోత్సవాలకు స్వామివారి జోడు పంచెలు వెళ్లేదీ గద్వాల నుంచే. వాటిని నేసేవాళ్లు మండలం, అంటే నలభై ఒక్క రోజుల పాటు నిష్ఠగా ఉంటారు.

వెళ్లాలంటే కాచిగూడ నుంచి కర్నూలు వైపు రైలెక్కండి. కారులో అయితే బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక ఎర్రవల్లి చౌరస్తాలో కుడివైపు తిరగాలి. జూరాల గేట్లు ఎత్తే రోజుల్లో వెళ్తే డ్యామ్ దగ్గర చేపల కూర తినకుండా రావద్దు. ఒక్కరోజే టైముంటే మాత్రం, మా వాళ్లు ఏమనుకున్నా సరే, కోట వదిలేసి అలంపూర్ వెళ్లమంటాను. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలకే పూట పడుతుంది. శ్రీశైలం ముంపు నుంచి తరలించిన కూడలి సంగమేశ్వరాలయం కూడా ఆ ఊళ్లోనే ఉంది.