డిక్షనరీ పుస్తకం మధ్యలో ఆగిపోయారా? ఇలా చదివి చూడండి

సైమన్ వించెస్టర్ రాసిన ‘ది ప్రొఫెసర్ అండ్ ది మ్యాడ్‌మన్’లో హత్య చాప్టర్ ఒక్క ఊపులో చదివేశాను, పాత డిక్షనరీల చరిత్ర రాగానే నిద్రొస్తోంది, అసలిదంతా నిజమేనా అని అడిగారు కదండీ. నిజమే. 1872లో లండన్ లాంబెత్‌లో జార్జ్ మెరెట్‌ని కాల్చి చంపిన డాక్టర్ మైనర్, అమెరికన్ ఆర్మీ సర్జన్, తర్వాత బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రిలో కూర్చునే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీకి వేల కొద్దీ కొటేషన్లు, అంటే ఒక్కో మాటని పుస్తకాల్లో ఎలా వాడారో చూపే వాక్యాలు, పంపాడు.

మీకు బోర్ కొట్టిన ఆ చాప్టర్ మొహమాటం లేకుండా వదిలేయండి, తర్వాత కావాలంటే వెనక్కి రావచ్చు, నేరుగా ఆ డిక్షనరీ ఎడిటర్ జేమ్స్ ముర్రే దగ్గరికి వెళ్లిపోండి. పెరట్లో ఇనప రేకుల షెడ్డు, దాన్నిండా గూళ్లు, గూళ్లలో ఆ కొటేషన్లు రాసిన లక్షల చీటీలు, వాటిని సర్దడానికి సొంత పిల్లలకి పాకెట్ మనీ (ఇప్పటి పిల్లలైతే చేస్తారా!). మైనర్ పద్ధతి ఇంకా బాగుంటుంది, చేతికొచ్చిన పుస్తకంలో ఏ మాట ఏ పేజీలో ఉందో ముందే సూచిక రాసి పెట్టుకుని, డిక్షనరీ వాళ్లకి ఏ మాట కావాలో కనుక్కుని అప్పుడు ఆ వాక్యం పంపేవాడు, అందుకే అతని చీటీలు అంత పనికొచ్చాయి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, మైనర్‌ని కలవడానికి వెళ్లేదాకా అతను ఖైదీ అని ముర్రేకి తెలీదు అనేది ఉత్త కట్టుకథ, ఆ సీన్ చూసి మోసపోకండి. చివర్లో తేదీలు కలగాపులగం అవుతాయి, ముర్రే 1915లో పోయాడు, డిక్షనరీ పూర్తయింది 1928లో, ఈ రెండూ పట్టుకుంటే చాలు.