క్యూ విలువ వెతికే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సర్పిల గెలాక్సీల కృష్ణ పదార్థాన్ని (కంటికి కనిపించక, గురుత్వాకర్షణ ద్వారానే తెలిసే ద్రవ్యరాశిని) భౌతిక శాస్త్రవేత్త త్సాలిస్ 1988లో ప్రతిపాదించిన, క్యూ అనే సంఖ్యపై ఆధారపడే ఎంట్రోపీతో (అస్తవ్యస్తతకు కొలతతో) వివరించాలనుకుంటున్నట్టు రాశావు. ఆలోచనకు ఆధారం లేకపోలేదు. గురుత్వాకర్షణ ఎంత దూరమైనా పనిచేస్తుంది కనుక, భాగాల శక్తిని కూడితే మొత్తం శక్తి రాదు. క్యూ 1గా ఉండే మామూలు బోల్ట్‌జ్‌మన్ గణాంకాలు (కణాల మధ్య శక్తి ఎలా పంచుకోబడుతుందో లెక్కగట్టే పద్ధతి) అక్కడ ఇబ్బంది పడతాయి.

అయితే నీవు మారుస్తున్నది వేటి గణాంకాలనో ముందు తేల్చుకో. కనిపించని కణాలున్నాయని ఒప్పుకుని వాటి పంపిణీని మార్చడం ఒక దారి. 2010లో భౌతిక శాస్త్రవేత్త వెర్లిండే చెప్పినట్టు గురుత్వాకర్షణనే ఎంట్రోపీ ఫలితంగా చూసి, అక్కడ గణాంకాలు మార్చడం మరొకటి. మొదటి దారిలో కృష్ణ పదార్థం ఎక్కడికీ పోదు, దాని అమరికకు కారణం మాత్రమే దొరుకుతుంది. ఈ రెండింటినీ కలగలిపితే పరీక్షకులు మొదటి పేజీలోనే పట్టుకుంటారు.

కేంద్రం నుంచి దూరం పెరిగినా భ్రమణ వేగం తగ్గకుండా చదునుగా వచ్చిందని సంబరపడకు. మామూలు ఐసోథర్మల్ గోళంలోనూ (అంతటా ఒకే ఉష్ణోగ్రత ఉండే గోళంలోనూ) బయటి సాంద్రత దూరపు వర్గానికి విలోమంగా తగ్గి, వేగం స్థిరంగా నిలుస్తుంది; దాని చిక్కల్లా మొత్తం ద్రవ్యరాశి అనంతం కావడమే. త్సాలిస్ ఎంట్రోపీ పాలిట్రోప్‌లకు (పీడనం సాంద్రత ఘాతంగా మారే గోళాలకు) దారితీస్తుందని ప్లాస్టినో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1993లో చూపారు. ఆ ఘాతాన్ని నిర్ణయించే పాలిట్రోప్ సూచిక 5 కంటే తక్కువైతే గోళానికి అంచు ఏర్పడుతుంది, కానీ అంచు దాటాక వేగం పడిపోక తప్పదు. క్యూకూ ఆ సూచికకూ ఉన్న సంబంధం సగటు తీసే పద్ధతిని బట్టి మారుతుంది కనుక, రెండు వ్యాసాల క్యూ విలువలను గుడ్డిగా పోల్చవద్దు.

ఎన్‌జీసీ 3198 అనే సర్పిల గెలాక్సీతో మొదలుపెట్టు. అందులో హైడ్రోజన్ వాయువు వేగం కేంద్రం నుంచి సుమారు 30 కిలోపార్సెక్‌ల (దాదాపు లక్ష కాంతి సంవత్సరాల) దాకా సెకనుకు దాదాపు 150 కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది. నక్షత్రాల ద్రవ్యరాశి-కాంతి నిష్పత్తిని కాస్త పెంచి చూడు: లోపలి భాగంలో హేలో (గెలాక్సీని చుట్టుకున్న కృష్ణ పదార్థం) అవసరం తగ్గిపోయి, నీ క్యూ విలువ మారిపోతుంది. అందుకే ఆ నిష్పత్తిని ముందే స్థిరపరచి, ఆపై స్పార్క్ అనే భ్రమణ వేగాల పట్టికలోని 175 గెలాక్సీల వైపు వెళ్లు, వాటికి 3.6 మైక్రాన్ల పరారుణ కాంతి కొలతలున్నాయి. గెలాక్సీకో క్యూ పెట్టుకుంటే, నా దృష్టిలో అది సర్దుబాటే. దృశ్య ద్రవ్యరాశి వేగపు నాలుగో ఘాతానికి అనుపాతంగా ఉండటం నీ లెక్కలోంచి దానంతటదే రావాలి. కృష్ణ పదార్థం లేకుండా గతి నియమాలనే మార్చే మిల్‌గ్రామ్ 1983 నాటి సూత్రం ఒక్క త్వరణ స్థిరాంకంతో ఆ పని చేస్తుంది, నీ పోటీ దానితోనే.

ఇవన్నీ చేసే ముందు ప్రోగ్రాంలో క్యూను 1కి దగ్గర చేసి, ఐసోథర్మల్ ఫలితం తిరిగి వస్తోందో లేదో చూసి రాయి.