లెడ్‌విల్ వెళ్లే ముందు ఇది చదువు

సింధూ,

జూలైలో అమ్మానాన్నలను చిన్న సెస్నా విమానంలో కూర్చోబెట్టుకుని కొలరాడో కొండల్లోని లెడ్‌విల్ తీసుకెళ్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. ఎంత సంబరపడిపోతోందో! మన ఇళ్లల్లో విమానం నడిపిన మొదటి పిల్లవి నువ్వే. ఆ మాట ఇక్కడ కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను. కానీ నువ్వు పంపిన రూటు చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. డెన్వర్ నుంచి ఐ-70 రోడ్డు పట్టుకుని పోతే దారి తప్పం అని రాశావు. ఆ రోడ్డు ఐసెన్‌హోవర్ టన్నెల్‌లోకి దూరి కొండ దాటుతుందమ్మా. నువ్వెలా దాటుతావు?

తెలిసిన సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పొద్దున్నే ఎగురు, మధ్యాహ్నానికి కొండల మీద ఉరుములు మొదలవుతాయి. శిఖరాల దగ్గర గాలి 25 నాట్స్ (గంటకు దాదాపు 46 కిలోమీటర్లు) దాటితే ఆ రోజు మానుకో. ఆక్సిజన్ దగ్గర పెట్టుకో.

ఇక ఆ రోడ్డు పోయే లోయ సంగతి. నేను ఎమ్మెస్ చదివింది విచిటా స్టేట్‌లో అని నీకు తెలుసు కదా. ఆ క్యాంపస్‌లో ఒక స్మారకం ఉంది. ఏటా అక్టోబర్ 2న పొద్దున అక్కడ పూలు పెడతారు. వెళ్లిన కొత్తలో అదేమిటో తెలియక పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకునేవాణ్ణి. తర్వాత ఒక ప్రొఫెసర్ చెప్పారు. 1970లో ఫుట్‌బాల్ జట్టు యూటాలో మ్యాచ్‌కి రెండు విమానాల్లో బయల్దేరింది. డెన్వర్‌లో పెట్రోలు నింపుకున్నాక ఒక విమానం ఉత్తరంగా చుట్టి, మామూలు దారిలో క్షేమంగా చేరింది. రెండోదాని పైలట్లు కొండల అందం చూపిద్దామని క్లియర్ క్రీక్ లోయలోకి తిప్పారు. నీ ఐ-70 పోయే లోయ అదే.

బరువు పరిమితికి మించి ఉంది. లోయ నేల పైకి లేస్తూ ఉంది, విమానం అంత వేగంగా లేవలేకపోతోంది. ఎదురుగా లవ్‌లాండ్ పాస్ అనే కనుమ, దాదాపు 12,000 అడుగులు. ఎక్కి దాటలేమని తెలిసేసరికి వెనక్కి తిరగడానికి వెడల్పు మిగల్లేదు. తిరగబోయి కొండవాలు చెట్లలో పడింది. నలభై మందిలో 31 మంది పోయారు. ఎక్కువమంది నీకన్నా చిన్నవాళ్లు. ఇంజిన్లు రెండూ పనిచేస్తూనే ఉన్నాయి సింధూ, అది నాకు మింగుడుపడదు. ఆ లోయలోని జార్జ్‌టౌన్ దాటి కార్లో వెళ్లినప్పుడల్లా మీ అత్తయ్య నా మొహం చూసి పాటలు ఆపేస్తుంది.

కాబట్టి ఆ దారి వద్దు. దక్షిణంగా పోయి కెనోషా పాస్ మీదుగా సౌత్ పార్క్‌లోకి దిగు. అక్కణ్ణుంచి బ్యూనా విస్టా చేరి, ఆర్కన్సా నది లోయలో ఉత్తరానికి తిరుగు. దూరం ఎక్కువే, ఉండనీ. ఏ లోయలోనైనా నడిమధ్యన ఎగరొద్దు. ఒక పక్కకు ఒదిగి ఎగిరితే తిరగడానికి లోయ వెడల్పంతా నీ చేతిలో ఉంటుంది. శిఖరం వైపు నేరుగా కాక ఐమూలగా వెళ్లు, అప్పుడు కాస్త తిప్పితే బయటపడతావు.

లెడ్‌విల్ రన్‌వే 9,934 అడుగుల ఎత్తున ఉంది. అమెరికాలో అంతకన్నా ఎత్తయిన ఎయిర్‌పోర్టు లేదు. 20 డిగ్రీల ఎండ కాస్తే చాలు, డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి విమానానికి తెలిసే ఎత్తు, 13,000 అడుగులకు పోతుంది. నీ సెస్నా 172 ఎక్కగలిగే గరిష్ఠ ఎత్తే 14,000. అక్కడ ఇంజిన్ బలంలో మూడో వంతు తగ్గిపోతుంది. దిగేటప్పుడు మీటర్‌లో 65 నాట్సే కనబడుతుంది గానీ నిజానికి దాదాపు 80తో పోతుంటావు. నేల గబగబా పరుగెడుతోందని కంగారుపడి స్పీడు తగ్గించేవు సుమా! కన్ను మాట వినొద్దు, మీటర్ మాట విను.

డల్లాస్‌లో ఆరొందల అడుగుల ఎత్తున నేర్చుకున్నావు. టేకాఫ్ ముందు మిక్స్చర్ (ఇంజిన్‌కి వెళ్లే గాలి, పెట్రోలు పాళ్లు మార్చే) ఎర్ర నాబ్ పూర్తిగా లోపలికి తోయడం నీ చేతికి అలవాటు. లెడ్‌విల్‌లో అలా చేస్తే ఉన్న బలమూ పోతుంది. బ్రేకులు నొక్కిపట్టి, థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే మీట) పూర్తిగా ఇచ్చి, నాబ్‌ని కొద్దికొద్దిగా బయటికి తిప్పు. బొంగురుగా ఉన్న ఇంజిన్ గొంతు తేటపడుతుంది, ఆర్‌పీఎం ముల్లు పైకి పాకుతుంది. ఇక జారబోతోంది అన్నచోట ఆపి, ఒక్క పిసరు లోపలికి. సగం రన్‌వే అయ్యేసరికి లేవాల్సిన స్పీడులో 70 శాతం రాకపోతే థ్రాటిల్ వెనక్కి లాగి ఆగిపో. మొహమాటపడకు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు పక్కన కొండల్లో పండిపోయిన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. ఇద్దరమే, పెట్రోలు సగమే. అంత తేలిగ్గా ఉన్నా విమానం నేల వదలడానికి ఎంతసేపు పట్టిందో నాకిప్పటికీ గుర్తే. వదిలాక కూడా చాలా దూరం చెట్లు కిందికి పోవే! నువ్వేమో మొత్తం ముగ్గురు ఎక్కుతామంటున్నావు. అందులో ఒకరు బీపీ మాత్రలు వేసుకునే మా బావ. కోపం వస్తోంది తల్లీ, నీ మీద కాదు, నీకు ఇది ముందే చెప్పని నా మీద.

ఇలా చేద్దాం. నువ్వు శుక్రవారం రాత్రికే మా ఇంటికి వచ్చెయ్. శనివారం తెల్లారగానే సెంటెనియల్ ఎయిర్‌పోర్టు నుంచి ఇక్కడి ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని వెళ్లు. ఫీజు నేనిస్తాను, వద్దనకు. అక్కనూ బావనూ నేను కార్లో తీసుకొస్తాను. నువ్వు దిగడం వాళ్లు కంచె పక్కన నిలబడి చూస్తారు. ఆ ఎయిర్‌పోర్టులో దిగినందుకు ఇచ్చే సర్టిఫికెట్ అక్క చేతిలోనే పెట్టు. బావకు నేను నచ్చజెప్తాను, అక్కకు మాత్రం నువ్వే చెప్పాలి. టికెట్ బుక్ అయ్యాక కొత్త రూటు గీసి నాకు పంపు.

మీ మావయ్య