బ్లీచింగ్ మీద యాసిడ్ పోశాను, ఊపిరాడలేదు

ప్రశ్న: మేడం గారూ, పోయిన ఆదివారం బాత్రూమ్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లి, ఉప్పు చారలు పోతాయని దాని మీదే యాసిడ్ పోశాను. ఒక్కసారిగా ఘాటు కొట్టింది. కళ్లు మండి, దగ్గు ఆగక బయటికి పరిగెత్తాను. మావారు "యాసిడ్ వాసన అంతే ఉంటుంది" అంటున్నారు. దగ్గు మర్నాటికి తగ్గింది కానీ తాండూరు బండలు తెల్లగా, గరుగ్గా అయిపోయాయి. మిగిలిన యాసిడ్ వాష్‌బేసిన్ కింద కూల్‌డ్రింక్ సీసాలో ఉంది. ఏం చేయాలి?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఊపిరి ఆపింది యాసిడ్ వాసన కాదు, క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్‌కు యాసిడ్ తగిలితే ఆ వాయువు బయటపడుతుంది. గాలి కన్నా రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారునే నిలుస్తుంది, వంగి రుద్దేవాళ్ల ముక్కుకే ముందు తగులుతుంది. మీరు వెంటనే బయటికి రావడం చాలా మంచిదైంది. ఇలా జరిగినప్పుడు ఆ రోజంతా మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. అప్పటికి బాగానే ఉన్నా, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. వస్తే ఆసుపత్రికి వెళ్లి, ఏమేం కలిశాయో డాక్టరుకు చెప్పాలి.

యాసిడ్‌కు తన ఘాటు తనకుంది. బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే, అంటే నీళ్లలో కరిగిన హైడ్రోజన్ క్లోరైడ్ అనే వాయువు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్లూ గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మూత తీస్తే తెల్లటి పొగ లేచేది. పిల్లలు దాన్నే వాయువు అనుకునేవారు. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుకు రంగు లేదు. గాలిలోని తేమను పట్టుకుని సన్నటి ఆమ్లపు తుంపర అవుతుంది, మనకు కనిపించేది అదే. దీనికి నీళ్లంటే అంత ఆశ: లీటరు నీటిలో 400 లీటర్లకు పైగా వాయువు కరిగిపోతుంది. మన కంట్లో, ముక్కులో, గొంతులో ఉన్న తడి కూడా దానికి నీళ్లే కదా, అందుకే ముందు అక్కడే మండుతుంది.

ఒక వేసవి సెలవుల్లో మా ల్యాబ్‌లో ఈ ఆమ్లం, అమ్మోనియా పక్కపక్కనే ఒకే అరలో ఉండిపోయాయి. జూన్‌లో తలుపు తీసేసరికి సీసాలన్నిటి మీదా తెల్లటి పొడి. రెండు సీసాల నుంచీ తప్పించుకున్న ఆవిర్లు కలిసి నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) అయ్యాయి. మూత పెట్టాం కదా అనుకుంటాం గానీ యాసిడ్ ఆవిరి కొంచెం కొంచెంగా బయటికి వస్తూనే ఉంటుంది. మీ వాష్‌బేసిన్ కింద స్టీలు గొట్టం చూడండి, తుప్పు మొదలై ఉండొచ్చు.

ల్యాబ్ ఆమ్లం సుమారు 37 శాతం ఉంటుంది. కంపెనీ టాయిలెట్ క్లీనర్లలో సాధారణంగా 10 శాతం దరిదాపుల్లో ఉంటుంది. "యాసిడ్, ఫినాయిల్" అని అరుస్తూ వచ్చే బండి మీది సీసాలో ఎంతుందో ఎవరికి తెలుసు? మూత తీయగానే పొగ లేస్తే గాఢమైనదే. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాలకు ఆంక్షలు పెట్టింది. కొన్నవాళ్ల వివరాలు రాసుకోవాలి, 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదు. అయినా పేరైనా లేని సీసాల్లో అమ్ముతుంటే నాకు కడుపు మండిపోతుంది.

ఎందుకంటే మా పక్కింటి నాలుగేళ్ల బాబు అలాంటి సీసాలోంచే ఒక గుక్క తాగాడు. కంగారులో వాళ్ల నానమ్మ ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించింది. లోపలికి వెళ్లేటప్పుడు కాల్చింది, పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాల్చింది. ఆ పిల్లాడు నెలల తరబడి అన్నం మింగలేకపోయాడు. దయచేసి వాంతి చేయించకండి, విరుగుడని నిమ్మరసం, సోడా పోయకండి. నోరు పుక్కిలించి ఉమ్మించి, 108కి ఫోన్ చేయండి. ఒంటి మీద పడితే తడిసిన బట్టలు తీసేసి, కుళాయి కింద 20 నిమిషాలు కడగండి. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని అంతసేపూ కడుగుతూనే ఉండాలి, ఆ తర్వాత ఆసుపత్రి.

ఇక సీసా సంగతి. దాన్ని ఈ రోజే ఖాళీ చేయండి. ఆరుబయట ప్లాస్టిక్ బకెట్‌లో సగం పైగా నీళ్లు పోసి, చేతికి రబ్బరు తొడుగు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, యాసిడ్‌ను సన్నటి ధారగా ఆ నీళ్లలోకి వంచండి. యాసిడ్ మీద నీళ్లు పోయకూడదు, వేడెక్కి మీద చిమ్ముతుంది. తర్వాత వంటసోడా చెంచా చెంచాగా వేస్తూ ఉంటే బుసబుసా పొంగుతుంది. పొంగడం ఆగాక ఎక్కువ నీళ్లతో కాలవలోకి వదిలేయండి. ఖాళీ సీసా కడిగి, నలిపి పారేయండి.

బండల మాట చెబితే మీకు బాధ కలుగుతుంది. తాండూరు రాయి సున్నపురాయి. కడప, బేతంచెర్ల బండలూ అంతే. యాసిడ్ పోసినప్పుడు వచ్చే నురగ మురికి కరుగుతున్న గుర్తనుకుంటాం, నిజానికి అక్కడ రాయే కరుగుతోంది. పోయిన నునుపు మళ్లీ పాలిష్ పట్టించుకుంటేనే వస్తుంది. ఆ తర్వాత నిమ్మకాయ, వెనిగర్ కూడా ఆ రాయి మీద వాడకండి, అవీ ఆమ్లాలే. సబ్బు పొడి నీళ్లతో గట్టి బ్రష్ పెట్టి వారానికోసారి రుద్ది, నీళ్లు నిలవకుండా తుడిచేస్తే ఉప్పు చారలు అంతగా పేరుకోవు.