ఐదో తరగతిలోనే ఎనిమిదో తరగతి లెక్కలు

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. ఎనిమిదో తరగతి సమీకరణాలు సొంతంగా చేసేస్తాడు. క్లాసులో విసుగొచ్చి అల్లరి చేస్తున్నాడని టీచరు ఫిర్యాదు. ఫౌండేషన్ కోచింగ్‌లో వేయమని మా బావగారు, డబుల్ ప్రమోషన్ అడగమని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రెండింటికీ తొందరపడకండమ్మా. ముందు బాబు ఎక్కడున్నాడో తేల్చుకోండి. ఆరు, ఏడు తరగతుల పుస్తకాల్లో ఒక్కో పాఠం నుంచి ఐదారు కష్టమైన లెక్కలు తీసి, సాయం లేకుండా చేయమనండి. వచ్చేస్తే ఆ పాఠం వదిలేయొచ్చు. సమీకరణాలు చకచకా చేసే పిల్లలు కూడా భిన్నాల భాగహారం దగ్గరో, వృత్తలేఖినితో గీసే జ్యామితి దగ్గరో తడబడుతుంటారు. అంతా మనసులోనే చేసి జవాబొక్కటే రాసే అలవాటూ ఉంటుంది. రేపు పెద్ద లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వాడికే దొరకదు. ‘స్టెప్పులు రాయి’ అని గద్దించకుండా, ‘నాకర్థమయ్యేలా రాసివ్వు నాన్నా’ అనండి.

టీచరుగారిని ఒక్కటే అడగండి: అభ్యాసంలో చివరి ఐదు లెక్కలు సరిగ్గా చేస్తే, మిగతావి మానేసి ఇంటి నుంచి తెచ్చుకున్న లెక్కలు చేసుకోనిస్తారా అని. త్వరగా ముగించాడని అదే రకం ఇరవై ఇస్తే, కావాలని నెమ్మదిగా చేయడం నేర్చుకుంటాడు.

డబుల్ ప్రమోషన్‌లో లెక్కలే కాదు, చేతిరాత, భాషలు, స్నేహితులు అన్నీ ఒక్కసారే మారిపోతాయి. దానికన్నా లెక్కల పీరియడుకి మాత్రం ఏడో తరగతిలో కూర్చోబెట్టగలరేమో హెడ్మాస్టరుగారిని అడిగి చూడండి.

ఫౌండేషన్ క్లాసుల్లో ఎక్కువగా నేర్పేది వేగం. అది వాడికి ఇప్పటికే ఉంది. అలవాటు కావాల్సింది ఒకే లెక్కతో రెండు రోజులు కుస్తీ పట్టడం. ఇది ఇచ్చి చూడండి: 9ని 4+5గా, 2+3+4గా రాయొచ్చు. 15ని మూడు రకాలుగా రాయొచ్చు. ఇలా వరుస సంఖ్యల మొత్తంగా రాయలేనివి ఏవి? 1, 2, 4, 8, 16 అని కాసేపట్లో పట్టేస్తాడు. అసలు పని అప్పుడే మొదలవుతుంది: ఎందుకు రాయలేం? ఇలాంటి ప్రతి మొత్తానికీ 1 కాని బేసి కారణాంకం ఉంటుందని వాడంతట వాడు కనిపెట్టేదాకా ఆగండి. ఎంత ఉబలాటంగా ఉన్నా మీరు చెప్పేయొద్దు. రోజుకి అరగంట చాలు.

గణిత ఒలింపియాడ్ పోటీల దారిలో మొదటి పరీక్ష ఐఓక్యూఎం (ఇండియన్ ఒలింపియాడ్ క్వాలిఫయర్ ఇన్ మ్యాథమెటిక్స్). అది 8 నుంచి 12వ తరగతి పిల్లలకి, కాబట్టి మూడేళ్ల వ్యవధి ఉంది. 3 గంటల్లో 30 ప్రశ్నలు, ఆప్షన్లు ఉండవు. ఆపై ప్రాంతీయ స్థాయి ఆర్ఎంఓ, జాతీయ స్థాయి ఐఎన్ఎంఓ పరీక్షల్లో నిరూపణ మొత్తం రాయాలి. స్టెప్పులు రాసే అలవాటు అక్కడ అక్కరకొస్తుంది.

చుట్టాలొచ్చినప్పుడు పిలిచి లెక్కలు చెప్పించడం మాత్రం ఈరోజే ఆపేయండి. ‘మేధావి’ అని పేరుపడ్డ పిల్లాడు ఆ పేరు పోతుందేమోనని రాని లెక్క జోలికే వెళ్లడు. రాక ఏడిస్తే పుస్తకం మూసి ఆడుకోవడానికి పంపండి, మర్నాడు అదే లెక్క మళ్లీ ఇవ్వండి.