పంట కాలువలో తీసిన గుర్రపు డెక్కను ఏం చేయాలి?

మీ ఊరి కాలువ నిండా గుర్రపు డెక్క పట్టిందని, తీసి గట్టున పోస్తే కంపు కొడుతోందని, దాన్ని దేనికైనా వాడుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంగా వాడుకోవచ్చండీ. మాది కోనసీమ. మా కొబ్బరి తోటకు కొన్నేళ్లుగా ఈ డెక్క ఎరువే వేస్తున్నాం.

పచ్చి డెక్కలో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే. దాన్ని అలాగే ట్రాక్టర్‌కెత్తి దూరం తోలితే డీజిలంతా నీళ్లు మోయడానికే సరిపోతుంది. కంపు వచ్చేది కుప్పగా పోయడం వల్లే. గట్టు మీదే పల్చగా పరిచి రెండు మూడు రోజులు ఎండకు వాడనివ్వండి, సగం బరువు అక్కడే దిగిపోతుంది.

తర్వాత కత్తితో జానెడు ముక్కలు నరికి, అడుగు మందాన డెక్క, దాని మీద ఎండుగడ్డి, పైన పేడ నీళ్లు, ఇలా నడుము ఎత్తు దాకా వరసలు వేయండి. ఎండుగడ్డి మాత్రం మానొద్దు. డెక్క ఒక్కటే వేస్తే గాలి ఆడక జిగురు ముద్దలా తయారవుతుంది. కుప్ప సరిగ్గా కుదిరితే నాలుగైదు రోజులకి లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. విత్తనాల్లో చాలా మటుకు ఆ వేడికే చస్తాయి. బురదలో అయితే ఏళ్ల తరబడి బతికే విత్తనం అది, అందుకే పూత రాకముందే తీయడం మంచిది. పదిహేను రోజులకోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో నల్లగా, పొడిపొడిగా ఎరువు తయారవుతుంది. పొటాష్ బాగా ఉంటుంది కనుక కొబ్బరికి, అరటికి బాగా పనికొస్తుంది. అంత ఓపిక లేకపోతే ఎండిన డెక్కను చెట్ల పాదుల్లో మందంగా కప్పేయండి, వేసవిలో తడి ఆరదు.

ఫ్యాక్టరీ నీళ్లో, పట్నం మురుగో కలిసే కాలువైతే మాత్రం జాగ్రత్త. ఈ మొక్క వేళ్లు సీసం, కాడ్మియం లాంటివి పీల్చుకుంటాయి. అలాంటి డెక్కను కూరగాయలకు వేయకండి, పశువులకు అసలే పెట్టకండి. హైదరాబాద్ మూసీలో తీసిన డెక్క విషయంలోనూ నా మాట ఇదే.

డెక్క కాడలతో బుట్టలు, చాపలు కూడా అల్లొచ్చు. అస్సాంలో దీపోర్ బీల్ సరస్సు దగ్గర మత్స్యకార కుటుంబాల అమ్మాయిలు ఈ కాడలతో యోగా మ్యాట్లు నేశారు. కాకపోతే పొడవాటి కాడలు ఏరాలి, బూజు పట్టకుండా ఎండబెట్టాలి. కొనేవాళ్లు ముందే ఉంటే తప్ప దాని జోలికి వెళ్లొద్దని నా సలహా.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తీస్తే పని తేలిక. కొక్కెం ఉన్న వెదురు గెడతో లాగండి, చేత్తో వద్దు, డెక్క కింద పాములుంటాయి. తెగిన చిన్న పిలక కొట్టుకుపోయినా కింద ఊళ్లో మళ్లీ పాతుకుంటుంది, కాబట్టి దిగువన అడ్డంగా పాత వల కట్టండి. నీళ్లు వదిలాక కూడా వంతెనల కింద, తూముల దగ్గర చిక్కుకున్నవి వారానికోసారి తీసేయాలి. ఎండాకాలంలో రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది మరి.