పట్టాలు తీసేసిన దారిలో పదిమందిని వెంటేసుకుని

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

వర్జీనియాలోని డబ్ల్యూ అండ్ ఓడీ (వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్) ట్రైల్ మీద శనివారం పూట సైకిల్ రైడ్ పెట్టి, దారి పొడవునా అక్కడి చరిత్ర చెబుతావట కదా, మీ అమ్మ చెప్పింది. మంచి పని తలపెట్టావు. ఆష్‌బర్న్‌లో ఏళ్ళ తరబడి ఉంటూ, ఆ దారిలోనే వాకింగ్ చేస్తూ, అది ఒకప్పటి రైలు కట్ట అని తెలియని మనవాళ్ళు బోలెడంతమంది. నెత్తిన కరెంటు తీగలెందుకున్నాయని కూడా అడగరు. 1968లో రైలు ఆగిపోయాక ఆ స్థలాన్ని కరెంటు కంపెనీ కొనుక్కుంది, ఆ తర్వాతే అది పార్కు వాళ్ళ చేతికొచ్చింది. ఇలాంటివి చెబితే జనం చెవులు రిక్కించి వింటారు.

అయితే ముందు ఒకటి తేల్చుకో. ఇది తొక్కడం కోసమా, కథల కోసమా? రెండూ సమానంగా కుదరవు. మైళ్ళు లెక్కపెట్టుకునే వాళ్ళు ఎలాగూ తెల్లారగట్లే టైట్ బట్టలేసుకుని దూసుకుపోతారు. నీ వెంట వచ్చేది పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, సైకిలు అద్దెకు తెచ్చుకున్న నాలాంటి పెద్దవాళ్ళు. షర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా ట్రైల్ మొత్తం 45 మైళ్ళు. అంతా చూపించేద్దామని ఆశపడకు. లీస్‌బర్గ్ నుంచి పర్సెల్‌విల్ సుమారు 10 మైళ్ళు, అది చాలు. ఆపేది మూడే చోట్ల. ఒక్కో చోట ఒక్కటే కథ, అదీ అక్కడ వేలు పెట్టి చూపించగలిగిన దాని గురించే.

లీస్‌బర్గ్ దాటాక క్లార్క్స్ గ్యాప్ దాకా ఎక్కుడే. రైలు ఎక్కగలిగిన వాలు కాబట్టి నిటారుగా ఉండదు, కానీ కాళ్ళను వదలదు. పైకి చేరాక ట్రైల్ ఒక రాతి కమాను వంతెన కింద నుంచి పోతుంది. అక్కడ ఆపు. అందరి రొప్పూ తగ్గి, నీళ్ళు తాగేదాకా నోరు విప్పకు. తర్వాత తల పైకెత్తి ఆ రాళ్ళ పేర్పు చూడమను. ఇంత కష్టపడి ఇక్కడిదాకా లైను ఎందుకు తెచ్చారో అప్పుడు చెప్పు. పడమటి సరుకంతా బాల్టిమోర్ తన్నుకుపోతోందని అలెగ్జాండ్రియా వర్తకులకు గుబులు పట్టుకుంది. కొండల అవతల హ్యాంప్‌షైర్ కౌంటీ బొగ్గు మీద కన్నేసి 1855లో పని మొదలుపెట్టారు. 1860లో రైలు లీస్‌బర్గ్ చేరింది, మరుసటి ఏడే అమెరికా అంతర్యుద్ధం వచ్చి పడింది. పర్సెల్‌విల్ చేరేసరికి 1874. బ్లూ రిడ్జ్ కొండలను మాత్రం ఏనాడూ దాటలేదు, ఆ గనుల ముఖం చూడనేలేదు. చివరికి ఆ లైనుకు దక్కింది పాల క్యాన్లు, వాషింగ్టన్ ఎండకు తాళలేక వేసవిలో ఇటు వచ్చే జనం.

ఆ వేసవి జనం మాట ఎత్తావు కాబట్టి, పక్కనే పియోనియన్ స్ప్రింగ్స్‌లో రెండోసారి ఆపు. నన్నడిగితే నీ రైడ్ మొత్తానికీ ప్రాణం ఈ కథే. మిగతావి టైమ్ చాలక వదిలేసినా ఫరవాలేదు, దీన్ని వదలకు. 1906 ఆగస్టులో బార్బరా పోప్ అనే నల్లజాతి రచయిత్రి వాషింగ్టన్‌లో రైలెక్కి ఈ ఊరికే బయల్దేరింది. నల్లవాళ్ళకని విడిగా పెట్టిన సీట్లలోకి పొమ్మంటే కదలనంది. ఫాల్స్ చర్చ్‌లో దింపి అరెస్టు చేశారు, జరిమానా వేశారు. నల్లవాళ్ళ హక్కుల కోసం డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ నడిపిన నయాగరా ఉద్యమం వాళ్ళు వెనక నిలబడ్డారు. పై కోర్టులో ఆ తీర్పు నిలవలేదు. ఆమె అంతటితో ఊరుకోక రైల్వే మీద నష్టపరిహారం దావా వేసింది. గెలిచింది కూడా. జ్యూరీ ఇప్పించింది ఎంతో తెలుసా? ఒక్క సెంటు. జేబులో ఒక పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, ఉంచుకో. ఈ మాట దగ్గర దాన్ని తీసి ఒక పిల్ల చేతిలో పెట్టు, ఇంకేమీ వ్యాఖ్యానించకు. నువ్వు ఉపన్యాసం అందుకుంటే చెడిపోతుంది.

మూడోది పర్సెల్‌విల్ స్టేషన్. ఇక్కడే ట్రైల్ ఎందుకు ఆగిపోయిందని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. రైలు 1900లో ఇంకా ముందుకు బ్లూమాంట్ దాకా వెళ్ళింది. ఆ ముక్కను 1939లోనే ఎత్తేశారు. అంతే జవాబు, ఎక్కువ సాగదీయకు, అప్పటికి అందరికీ ఆకలి.

కథలకు సరుకు కావాలంటే లీస్‌బర్గ్‌లో థామస్ బాల్చ్ లైబ్రరీకి వెళ్ళు. స్థానిక చరిత్ర కోసమే ఉన్న లైబ్రరీ అది. ఇంటర్నెట్‌లో దొరికిందల్లా చెప్పకు. పట్టుదలగా అడిగే పిల్లలుంటారు, తడబడితే పట్టేస్తారు.

ఇక తొక్కే సంగతి. గుంపు పన్నెండు, పదిహేను మందికి మించితే రెండు జట్లు చెయ్యి. నువ్వు ముందుంటే, చివర్న ఒక స్వీప్, అంటే అందరికంటే వెనక తొక్కే మనిషి, ఉండాలి. పంపు, ట్యూబు, ప్యాచ్ కిట్ ఆ మనిషి దగ్గరే. పంక్చరయ్యేది ఎప్పుడూ వెనకున్న వాళ్ళకే. బయల్దేరే ముందు టైర్లలో గాలి, బ్రేకులు, చైను ఒకసారి నువ్వే చూడు. ఏళ్ళ తరబడి గరాజ్‌లో పడున్న సైకిళ్ళు వస్తాయి మరి. హెల్మెట్ లేనివాళ్ళను మొహమాటపడకుండా వెనక్కి పంపెయ్.

రోడ్డు దాటే చోట్ల చాలా జాగ్రత్త. ముందున్నవాళ్ళు ‘క్లియర్’ అని అరిస్తే వెనకవాళ్ళు చూడకుండా దూకేస్తారు. ఆ అరుపులే వద్దను. ఎవరి కళ్ళతో వాళ్ళు చూసుకుని దాటాలి, అవతలి ఒడ్డున అందరూ చేరేదాకా ఆగాలి. ఆగిన ప్రతిచోటా సైకిళ్ళు తారు మీద కాదు, గడ్డి మీదికి లాగించు. మనవాళ్ళు దారికి అడ్డంగా నిలబడి ఫోటోలు దిగితే వెనకొచ్చేవాళ్ళు తిట్టుకుంటారు. ఆ తిట్లు నీకే తగులుతాయి.

రైలు పేరెత్తగానే ఒక అంకుల్ బిట్రగుంట లోకో షెడ్డు గురించి మొదలుపెడతాడు. ఇంకొకాయన కాజీపేట జంక్షన్ అందుకుంటాడు. నోరు మూయించకు, అలాగని నీ స్టాప్ దగ్గర మైకు వాళ్ళ చేతికీ ఇవ్వకు. పర్సెల్‌విల్‌లో తింటూ చెప్పమను. నిజానికి వాళ్ళ కథలూ బాగుంటాయి.

రెండో రైడ్‌కి తూర్పు వైపు వియన్నా పెట్టుకో. అంతర్యుద్ధంలో 1861 జూన్ 17న యూనియన్ (ఉత్తరాది) సైనికులతో వస్తున్న రైలు మీద కాన్ఫెడరేట్ (దక్షిణాది) వాళ్ళు ఫిరంగులు కాల్చింది ఆ ఊరి దగ్గరే. మొదటిసారి మాత్రం యుద్ధాల జోలికి పోకు.

అక్టోబర్‌లో పెట్టు, ఎండ ఉండదు, ఆకులూ రంగు తిరుగుతాయి. అంతకుముందు ఒకసారి ఒక్కదానివే వాచీ చూసుకుంటూ తొక్కిరా. గుంపుతో దానికి రెండింతలు పడుతుందని లెక్కేసుకో. పార్కు నడిపే నోవా పార్క్స్ వాళ్ళకు కూడా ముందే ఒక మాట చెప్పు. తేదీ ఖాయమయ్యాక నాకు ఫోన్ చెయ్యి. స్వీప్‌గా నేనొస్తా, నాకంటే నెమ్మదిగా తొక్కేవాడు నీకు ఈ కౌంటీలో దొరకడు.

మీ మావయ్య